చీటీ తీసి సభ నడుపుతారు, జవాబు మాత్రం ఇప్పించరు: చెన్నైలో ఒక పౌరసభ నిర్వహణ సేవపై సమీక్ష

పాత మహాబలిపురం రోడ్డు (ఓఎంఆర్) మీద, షోళింగనల్లూరు దాటాక ఉన్న మా నివాస సముదాయంలో నీటి ఖర్చు ఎవరు ఎంత భరించాలన్న తగవు జనరల్ బాడీ సమావేశాల్లో తెగక, వాట్సాప్ గ్రూపులో తిట్ల దాకా వెళ్లిన తరువాత, సంఘం కార్యవర్గం బయటి నుంచి ఒక చిన్న సంస్థను పిలిపించింది. చీటీలు తీసి కొందరు నివాసులను ఎంపిక చేయడం, విషయం తెలిసినవారి చేత వారికి వివరాలు చెప్పించడం, వారి మధ్య చర్చ నడిపించడం, చివరకు వారి సిఫారసులను రాతపూర్వకంగా కార్యవర్గానికి అందించడం ఆ సంస్థ చేసే పని. పౌరసభ అన్న పేరుతో కొన్ని దేశాల్లో ప్రభుత్వాలు నడుపుతున్న పద్ధతినే అపార్టుమెంట్లకు సరిపడే కొలతకు కుదించి సేవగా అమ్ముతున్నారన్నమాట. చీటీలో పేరు వచ్చి ఆ సభలో కూర్చున్నవారిలో నేను ఒకడిని. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాలు, ఈ పద్ధతిని ఎవరు నడిపినా జారిపడే అవకాశం ఉన్న చోట్లే.

సభ నాలుగు గోడల మధ్య జరిగినంత మేరకు ఈ సేవ నాకు నచ్చింది. ఫ్లాటుకు మూడు వందల రూపాయల లోపు పడిన రుసుముకు తగినట్టే ఉంది. నచ్చనిది సభకు ముందూ వెనకా ఉన్న ఖాళీ. సభ చెప్పినదాన్ని ఏం చేస్తారన్న హామీ కార్యవర్గం నుంచి ముందుగా తీసుకోలేదు. చేయనిదానికి కారణం చెప్పించే బాధ్యత తరువాత ఎవరూ మోయలేదు. సభలో కూర్చోని నివాసులకు నమ్మకం కలిగేదీ పోయేదీ ఆ రెండు చోట్లనే కనుక, మిగిలినవన్నీ బాగున్నా ఈ లోటును చిన్నదిగా చూడలేను.

తగవు ఏమిటో తెలియకపోతే సేవ విలువ అంచనా వేయడం కష్టం. చెన్నైకి నీరిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాలు నాలుగూ 2019 జూన్ నాటికి దాదాపు ఎండిపోయి, ఐటీ కంపెనీలు ఉద్యోగులను ఇళ్ల నుంచే పని చేసుకోమన్న రోజుల్లో, లారీ నీటి మీద ఆధారపడటం ఎంత ప్రమాదమో ఓఎంఆర్ వాసులకు తెలిసివచ్చింది. తెలిసివచ్చినా ఆధారపడటం తగ్గలేదు. 1983లో కుదిరిన తెలుగుగంగ ఒప్పందం గురించీ, 1996లో కృష్ణా నీళ్లు తొలిసారి పూండి చేరడం గురించీ గొప్పగా చెప్పుకునే తెలుగు కుటుంబాలు మా సముదాయంలో చాలా ఉన్నాయి కాని, వాళ్ల వంటింట్లో కుళాయి తిప్పితే వచ్చేది లారీ నీళ్లే. నెమ్మేలిలో రోజుకు 15 కోట్ల లీటర్ల సామర్థ్యంతో రెండో సముద్రజల శుద్ధి కర్మాగారం 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. మా గేటు దాకా పైపు ఇంకా రాలేదు.

ఆ లారీల ఖర్చును చదరపు అడుగుల లెక్కన మెయింటెనెన్సులో కలిపి వసూలు చేస్తారు. మూడు పడక గదుల ఫ్లాటుకు తాళం వేసి విదేశంలో ఉంటున్నవారు, వాడని నీటికి కడుతున్నామని వాదిస్తారు. చిన్న ఫ్లాటులో ఆరుగురు ఉండే ఇళ్లవారు, మీటరు పెడితే భారమంతా తమ నెత్తిన పడుతుందని భయపడతారు. ప్రతి నెలా డబ్బు కట్టేది అద్దెకున్నవారు, ఓటు మాత్రం యజమానులది. వీటన్నిటి అడుగున ఇంకో అనుమానం ఉంది: లారీల కాంట్రాక్టు ఎవరికి ఎలా ఇచ్చారు, గేటు దాటి వచ్చిన లారీలూ బిల్లులో చూపిన లారీలూ ఒకటేనా అన్నది. కార్యవర్గంలో ఉన్నవారు నిజాయితీపరులే కావచ్చు, నాకు తెలిసినంతలో అవును కూడా. కాని లెక్క చూపమని అడిగినప్పుడల్లా ‘మా మీద నమ్మకం లేదా’ అన్న ఎదురు ప్రశ్న వస్తుంటే ఉన్న నమ్మకం కూడా సడలుతుంది. నాలుగు వందల పైచిలుకు ఫ్లాట్లున్నా జనరల్ బాడీకి వచ్చేవారితో హాలు సగం కూడా నిండదు, వచ్చినవారిలో మాట్లాడేది ప్రతిసారీ ఆ నలుగురే.

చీటీలు తీసిన కార్యక్రమం ఈ సేవలో నాకు అన్నిటికంటె నచ్చిన భాగం. ఎక్సెల్‌లో పేర్లు వేసి కంప్యూటరు చేత తీయిద్దామని కార్యదర్శి అన్నారు. పని తేలికయ్యేదే, సంస్థవారు ఒప్పుకోలేదు. ఒక ఆదివారం ఉదయం క్లబ్ హౌస్‌లో, వచ్చినవారందరి ఎదుట, బ్లాకులవారీగా, యజమానులకూ అద్దెవారికీ విడివిడిగా, ఫ్లాటు నంబర్లు రాసిన చీటీలను మడిచి స్టీలు డబ్బాల్లో వేసి, ఒకటో తరగతి చదివే పాప చేత తీయించారు. తీసిన చీటీని పాప విప్పదు. సభ నడిపే ఆవిడ అందుకుని, విప్పి చదివి, ముందు వరుసలో కూర్చున్నవారి చేతికిచ్చి వారి చేత మళ్లీ చదివించేది. ఇరవై నాలుగు స్థానాల్లో సగం స్త్రీలకు ఉండాలనీ, అద్దెకున్నవారు తమ సంఖ్యకు తగినట్టు ఉండాలనీ, తమిళం, తెలుగు, హిందీ, మలయాళం మాట్లాడే ఇళ్లన్నిటి నుంచీ మనుషులు రావాలనీ ముందే లెక్క వేసుకున్నారు. కార్యవర్గ సభ్యుల ఫ్లాట్ల నంబర్లు డబ్బాల్లో వేయలేదు.

ఇదంతా పడమటి దేశాల నుంచి దిగుమతైన వింత అని మా బ్లాకులో కొందరు పెదవి విరిచారు. చెన్నై నుంచి తొంభై కిలోమీటర్ల దూరంలోని ఉత్తిరమేరూరులో, వైకుంఠ పెరుమాళ్ గుడి గోడల మీద మొదటి పరాంతక చోళుని కాలంలో 919, 921 సంవత్సరాల్లో చెక్కించిన శాసనాల సంగతి తెలిసినవారు ఆ మాట అనరు. ఊరిని ముప్పై కుడుంబులుగా, అంటే వార్డులుగా విభజించి, ఒక్కొక్క దానిలో అర్హులైనవారి పేర్లు తాటాకుల మీద రాసి, కుండలో వేసి, అక్షరాలు గుర్తుపట్టలేని పిల్లవాడి చేత తీయించాలని అందులో ఉంది. తీసిన ఆకును మధ్యస్థుడు అయిదు వేళ్లూ చాచిన అరచేతిలో అందుకోవాలి, పైకి చదవాలి, అక్కడున్న పూజారులందరూ మళ్లీ చదవాలి. వేళ్ల సందున ఇంకో ఆకు దాచుకునే వీలు లేకుండా చేసిన ఏర్పాటు ఇది. పెద్దమనుషుల మీద జనానికి వెయ్యేళ్ల కిందట కూడా ఎంత గురి ఉండేదో దీన్నిబట్టే తెలుస్తోంది. ఎంపికైనవారు 360 రోజులు పనిచేయాలి. వారిలో ఆరుగురు ఏరి వారియంగా, అంటే ఊరి చెరువు వ్యవహారాలు చూసే సంఘంగా ఏర్పడాలి. అంతకుముందు ఏ వారియంలోనైనా ఉండి లెక్కలు అప్పజెప్పనివారి పేర్లే కాక, వారి దగ్గరి బంధువుల పేర్లు కూడా కుండలో వేయకూడదు. భూమి ఉండి, వేదం చదివి, 35 నుంచి 70 ఏళ్ల లోపు ఉన్న పురుషులకే ఆ కుండలో చోటు కనుక, దాన్ని ప్రజాస్వామ్యమని కీర్తించడానికి నాకు మనసొప్పదు. అయినా లెక్క చెప్పనివారిని పదవికి దూరంగా ఉంచే ఆ నియమం మా సంఘం బైలాలో ఈనాటికీ లేదు.

చీటీలో పేరు వచ్చినవారిలో మూడింట ఒక వంతు మంది రామన్నారు. శని, ఆదివారాలు పోతాయంటే ఎవరికైనా వెనకడుగే కనుక అది తప్పు పట్టవలసిన విషయం కాదు. వారి స్థానంలో అదే వర్గం డబ్బాలోంచి మళ్లీ చీటీ తీయవలసింది; తీయలేదు. సమయం చాలదంటూ సంస్థకు చెందిన యువకుడొకరు కార్యదర్శి ఇచ్చిన నంబర్లకు ఫోన్లు చేసి, వీలున్నవారిని చేర్చుకున్నారు. రెండో సమావేశంలో గాని ఈ సంగతి మాకు తెలియలేదు. అడిగితే ‘వాళ్లూ నివాసులే కదండీ’ అన్నారు. ఐర్లండ్ పౌరసభలో 2018 ఫిబ్రవరిలో దాదాపు ఇలాంటిదే బయటపడింది: సభ్యులను వెతికే పని తీసుకున్న కంపెనీ ఉద్యోగి ఒకరు పద్ధతి పక్కన పెట్టి, ఏడుగురిని తెలిసినవారి ద్వారా చేర్చారని తేలింది. అక్కడ నిర్వాహకులు ఆ విషయాన్ని తామే ప్రకటించి ఏడుగురినీ తప్పించారు. మా సభలో అలా చేరినవారు చెడ్డవారు కారు, వారిలో ఇద్దరు మాకందరికంటె శ్రద్ధగా నోట్సు రాసుకున్నారు కూడా. కాని ఇరవై నలుగురూ కార్యవర్గం మనుషులేనన్న పుకారు మూడో బ్లాకు లిఫ్టు దగ్గర మొదలైనప్పుడు, దాన్ని ఖండించడానికి మా దగ్గర గట్టి మాట లేకపోయింది.

సమాచార సమావేశాల్లో మొదటిది ఎంతో బాగా కుదిరింది. వర్షపు నీటిని ఇంకించే గుంతల గురించీ, బోరు నీటిలో ఉప్పు శాతం గురించీ చెప్పడానికి వచ్చిన నిపుణులు తమ పని తాము చక్కగా చేశారు. సభ ముఖం మార్చినవాడు మాత్రం మా పంపు ఆపరేటరు. అతన్ని పిలవాలన్న ఆలోచన సంస్థవారిది, ఆ ఘనత వారికి ఇవ్వాలి. అతను మమ్మల్నందరినీ సంపు దగ్గరికి తీసుకువెళ్లి, మూత తీసి, గుర్తులు గీసిన పొడుగాటి స్టీలు కడ్డీని లోపలికి దించి, లారీ ఖాళీ చేయక ముందు తడి ఎక్కడి దాకా ఉంది, చేసిన తరువాత ఎక్కడి దాకా వచ్చింది అన్నది వేలితో చూపించాడు. 12,000 లీటర్లని రాసిన ట్రిప్ షీటు ఒక చేత, కడ్డీ ఇంకో చేత పట్టుకుని, రెండు గుర్తుల మధ్య తేడాను సంపు కొలతలతో హెచ్చవేసి లెక్క చెప్పాడు. ఆ లారీలో నీరు రాసినంత లేదు, మరీ అన్యాయంగా తక్కువా లేదు. అంతకంటె ముఖ్యమైన మాట అతని నోట మామూలుగా వచ్చింది: రాత్రిపూట వచ్చే లారీలకు కడ్డీ కొలత తీసేవారు లేరు, ట్రిప్ షీటు మీద గేటు దగ్గరి సెక్యూరిటీ సంతకం ఉంటే చాలు.

నెల్లూరు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దావిడ మా సభలో సభ్యురాలు. తమిళం వింటే అర్థమవుతుంది కాని మాట్లాడరు. ‘రాత్రి నువ్వు ఇంటికి పోయాక ఈ కడ్డీ ఎవరి దగ్గర ఉంటుంది నాయనా’ అని ఆమె తెలుగులో అడిగితే, పక్కనున్న కుర్రాడు తమిళంలో చెప్పాడు. స్టోరు రూములో పెట్టి తాళం వేస్తానని జవాబు. మా సిఫారసుల్లో అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నది ఆ ప్రశ్న నుంచి పుట్టినదే. ఇన్నేళ్ల జనరల్ బాడీ సమావేశాల్లో ఎవరూ ఆ కడ్డీ సంగతి ఎత్తలేదు, ఆ మనిషిని పిలిచి కూర్చోబెట్టిందీ లేదు.

రెండో సమాచార సమావేశం ఈ స్థాయిలో లేదు. మీటర్ల గురించి నిపుణుడుగా వచ్చినాయన మీటర్లు అమ్మే కంపెనీ మనిషి. వాటి మంచీ చెడూ రెండూ ఆయన నోటి నుంచే వినాలి. మా భవనాల్లో ఫ్లాటుకు నీరు ఒకే పైపులో రాదు. వంటింటికి ఒకటి, ఒక్కొక్క స్నానాల గదికి ఒకటి చొప్పున పైనుంచి దిగుతాయి కనుక ఫ్లాటుకు మూడో నాలుగో మీటర్లు కావాలి, ఖర్చూ అన్ని రెట్లవుతుంది. ఈ సంగతిని ఆయన తానుగా చెప్పలేదు. చీటీలో పేరు వచ్చి సభలో ఉన్న ఒక విశ్రాంత ఇంజినీరు అడిగాక ఒప్పుకున్నారు. చీటీలో ఆ ఇంజినీరు పేరు రావడం మా అదృష్టం. అదృష్టం మీద నడిచేది సేవ కాదు. ఇలాంటి చోట ఇంకో కంపెనీ మనిషినో, మీటర్లు పెట్టి ఇబ్బంది పడిన మరో సముదాయం నివాసినో పక్కన కూర్చోబెట్టడానికి పెద్ద ఖర్చు కాదు.

నిపుణులను ఎవరు పిలిచారన్న ప్రశ్న మొత్తం ఫలితాన్ని కిందపడేయగలదని తెలుగునేల మీద ఒకసారి చూశాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజన్ 2020 పత్రాన్ని ముందుకు తెచ్చిన తరువాత, 2001 జూన్‌లో మెదక్ జిల్లాలో ప్రజాతీర్పు పేరుతో ఒక పౌర న్యాయసభ జరిగింది. చిన్న, సన్నకారు రైతులు, వారిలో ఎక్కువమంది స్త్రీలు, రోజుల తరబడి కూర్చుని రాష్ట్ర వ్యవసాయం ఎటు పోవాలో సాక్షులను విచారించి తీర్పు చెప్పారు. వ్యవసాయం మీద బతికేవారిని 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గించాలన్న ఆలోచననూ, కాంట్రాక్టు సేద్యాన్నీ, జన్యుమార్పిడి పంటలనూ వారు తిరస్కరించారు. రాష్ట్రానికి సాయం చేస్తున్న బ్రిటన్ ప్రభుత్వ అభివృద్ధి విభాగానికి అది రుచించలేదు. సభ్యుల ఎంపికా సాక్షుల ఎంపికా ఒకవైపు మొగ్గాయని విమర్శలు వచ్చాయి. నిర్వాహకులు ఆ విమర్శలకు ఎదురు నిలబడటానికి ఒక కారణం, సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి అధ్యక్షతన పర్యవేక్షక బృందాన్ని ముందుగానే ఏర్పాటు చేసుకోవడం. అంత హంగు అపార్టుమెంటుకు అక్కర్లేదు. కాని అనుకూలంగా ఒకరిని, ప్రతికూలంగా ఒకరిని నివాసుల నుంచే తీసుకుని, నిపుణుల జాబితా వారికి చూపించి సంతకం పెట్టించుకుంటే, మీటర్ల కంపెనీ మనిషి ఒంటరిగా వచ్చేవాడు కాదు.

చర్చ నడిపిన తీరు చాలావరకు మెచ్చుకోదగ్గది. ఆరుగురు చొప్పున బల్లల చుట్టూ కూర్చోబెట్టి, ప్రతి విషయం మీదా మొదట ఒక్కొక్కరు వరుసగా చెప్పేదాకా ఎవరూ ఎవరికీ అడ్డు రాకూడదన్న నియమం పెట్టారు. ఏ సమావేశంలోనైనా మైకు వదలని ఒక పెద్దాయన మూడోసారి లేచినప్పుడు, ‘సార్, మీరు చెప్పింది రాసుకున్నాను, ఇప్పుడు ఆ అమ్మ మాట విందాం’ అని నిర్వాహకురాలు నవ్వుతూనే ఆపింది. భాష దగ్గర మాత్రం తేలిపోయారు. తెర మీద వేసినవన్నీ ఇంగ్లీషులో, నోటి మాట ఇంగ్లీషూ తమిళమూ కలిసి. తెలుగు, హిందీ ఇళ్ల నుంచి మనుషులు ఉండాలని చీటీల దగ్గర అంత లెక్క వేసినవారు, వచ్చినవారికి అర్థమయ్యేలా చెప్పడానికి ఏర్పాటేమీ చేయలేదు. పక్కవారి దయ మీద అనువాదాలు నడిచాయి. టిఫిన్, కాఫీ బాగున్నాయి. చిన్న పిల్లలున్న తల్లుల కోసం పక్క గదిలో ఆయాను పెట్టడం ఇంకా బాగుంది.

చివరి రోజు రహస్య ఓటుతో తేలినవి ఇవి: మనిషికి ఇంత అని కనీస నీటికి తక్కువ ధర, ఆపైన వాడకాన్ని బట్టి పెరిగే ధర ఉండేలా మీటర్లు పెట్టాలి, మీటర్ల ఖర్చు యజమానులే భరించాలి, పగలైనా రాత్రయినా ప్రతి లారీకీ కడ్డీ కొలత తీసి, ఆ రిజిస్టరును ప్రతి వారం నోటీసు బోర్డులో పెట్టాలి, లారీల కాంట్రాక్టు కొటేషన్లను నివాసుల ఎదుట తెరవాలి. మొదటి దానికి నాలుగింట మూడు వంతుల మంది ఓటు వేశారు. చిన్న ఫ్లాట్లవారి భయాన్ని కనీస నీటి ధర చాలావరకు తీర్చింది. ఆ సూచన చేసినది పెద్ద ఫ్లాటు యజమాని కావడం నేను ఊహించనిది.

తరువాత సంస్థ అందించిన నివేదిక అరవై పేజీలు దాటిన ఇంగ్లీషు పీడీఎఫ్. రంగులు, బొమ్మలు, గోడకు అంటించిన కాగితాల ఫొటోలు అన్నీ ఉన్నాయి. సభలో లేని నివాసి చదివి, ఎందుకు ఈ నిర్ణయానికి వచ్చారో తెలుసుకునే ఒక్క పేజీ లేదు. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో ఇదే పనికి మంచి పద్ధతి ఉండేది. ప్రజల ఓటుకు వచ్చే ప్రతిపాదనను చీటీలో ఎంపికైన ఇరవై మంది పైచిలుకు పౌరులు కొన్ని రోజులు పరిశీలించి, తేలిన సంగతులనూ రెండు వైపుల వాదనలనూ ఒకే పేజీలో రాసేవారు. ఓటర్లందరికీ ప్రభుత్వం పంపే పుస్తకంలో ఆ పేజీ అచ్చయ్యేది. అలాంటి పేజీ నాలుగు భాషల్లో వేసి ప్రతి తలుపు కింద తోస్తే, మా సభ గురించి లిఫ్టు దగ్గర జరిగిన ప్రచారంలో సగం ఆగేది.

కార్యవర్గం మీటర్ల సిఫారసును ఒప్పుకుంది. లారీల రిజిస్టరు, కొటేషన్ల విషయం ‘తరువాత చూద్దాం’ అంది, కారణం చెప్పలేదు. సంస్థను అడిగితే, నివేదిక ఇవ్వడంతో తమ పని పూర్తయిందని ఒప్పందం కాగితం చూపించారు. చూస్తే నిజంగానే అంతే ఉంది. ఇక్కడే ఈ సేవకు మార్కులు తగ్గిస్తున్నాను. ఫ్రాన్సులో 2019లో మొదలైన వాతావరణ పౌరసభకు 150 మందిని చీటీలో ఎంపిక చేశారు. వారి ప్రతిపాదనలను వడపోత లేకుండా పార్లమెంటుకో, ప్రజల ఓటుకో పంపుతానని అధ్యక్షుడు మాక్రాన్ మాట ఇచ్చారు. వారు 149 ప్రతిపాదనలు ఇచ్చారు. వాటిలో చాలా వాటిని ప్రభుత్వం పలచన చేయడమో పక్కన పెట్టడమో చేసింది. 2021 ఫిబ్రవరిలో మళ్లీ కూర్చున్న ఆ సభ్యులే ప్రభుత్వ స్పందనకు పదికి 3.3 మార్కులు వేశారు. తీసుకున్న మాట నిలబడకపోయినా, మార్కులు వేయడానికి మళ్లీ కూర్చునే అవకాశమన్నా వారికి దక్కింది. మా ఒప్పందంలో అదీ లేదు.

ఐర్లండ్‌ను అందరూ మెచ్చుకునేది సభ గొప్పదనాన్ని చూసి మాత్రమే కాదు, ఆ తరువాతి దారి ముందే తెలిసి ఉండటం వల్ల. 99 మంది పౌరులు, అధ్యక్షురాలిగా ఒక న్యాయమూర్తి కూర్చుని గర్భస్రావ నిషేధంపై చెప్పిన మాట పార్లమెంటు కమిటీకి వెళ్లింది, అక్కడి నుంచి 2018 మే 25న ప్రజల ఓటుకు వెళ్లింది, 66.4 శాతం మంది నిషేధం ఎత్తివేతకు ఒప్పుకున్నారు. సభ పెట్టారు కనుక జనం తల ఊపారని అనుకోవడానికి లేదు: అదే దేశంలో స్త్రీ పురుష సమానత్వంపై కూర్చున్న పౌరసభ తరువాత, ప్రభుత్వం తన మాటల్లో రాసుకుని 2024 మార్చిలో ఓటుకు పెట్టిన రెండు సవరణలనూ ఓటర్లు ఓడించారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 160 మంది పౌరులు ఎన్నికల పద్ధతి మార్చమంటే 2005లో 57.7 శాతం ఓటర్లు అవునన్నారు. 60 శాతం కావాలన్న నియమం వల్ల అది ఆగిపోయింది. ఓడినా అక్కడ ఎవరూ మోసపోయామనలేదంటే నేను నమ్మను, కాని నియమం ముందే రాసి ఉంది కనుక వాదన నియమం మీద జరుగుతుంది, మనుషుల మీద కాదు. మా సముదాయంలో ఇప్పుడు జరుగుతున్నది మనుషుల మీద వాదన.

తమిళనాడు పట్టణాల్లో వార్డు కమిటీలు, ఏరియా సభలు 2022 నుంచి నడుస్తున్నాయి. వాటి పరిధి వేరు, అధికారం వేరు. చీటీతో ఎంపిక అన్నది వాటిలో లేదు. మా వీధి కాలువ గురించి అడగడానికి నేను అక్కడికి వెళ్లవలసిందే, ఈ సంస్థ ఆ పనికి రాదు. ఒకదాన్ని చూపి రెండోది అనవసరమనే వాదన మా గ్రూపులో వినిపించింది కనుక ఈ మాట రాశాను.

సభలో కూర్చున్న ఇరవై నలుగురిలో మీటర్లకు వ్యతిరేకంగా ఓటు వేసినవారు కూడా నిర్ణయం సక్రమంగా జరిగిందనే చెబుతున్నారు. ఇది ఈ సేవ సాధించినది. మా జనరల్ బాడీ ఎన్నడూ సాధించనిది. బయట ఉన్నవారిలో ఆ మాట అనేవారు తక్కువ. సంస్థను పిలవదలచుకున్న సంఘాలకు నేను వద్దని చెప్పను. ఒప్పందంలో మాత్రం కొన్ని వాక్యాలు చేర్చమని పట్టుబట్టాలి: ఒప్పుకోని ప్రతి సిఫారసుకూ కార్యవర్గం నెల రోజుల్లో రాతపూర్వకంగా కారణం చెప్పాలి, ఆరు నెలల తరువాత అదే సభ్యులను మళ్లీ కూర్చోబెట్టి ఏం జరిగిందో చూపించాలి, నివేదికకు ముందు ఒక పేజీ సారాంశం నివాసుల భాషల్లో రావాలి, సరుకు అమ్మేవారు నిపుణులుగా ఒంటరిగా రాకూడదు. యాభై ఫ్లాట్ల లోపు ఉన్న చిన్న భవనాలకు ఇంత ఖర్చు దండగ, అందరూ మేడ మీద కూర్చుని మాట్లాడుకోవచ్చు. పెద్ద సముదాయాలవారు, రానివారి స్థానంలో మళ్లీ చీటీలు తీయడానికి ఇంకో ఆదివారం కావాలని, దానికి అదనపు రుసుమని సంస్థ అడిగితే, బేరమాడకుండా ఇచ్చేయడం మంచిది.